నొప్పి నేదు కదా, మళ్ళీ ఎందుకు?

104 బండి వచ్చే రోజున శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఒక దృశ్యం మామూలే. బీపీ, షుగర్ మాత్రల కోసం ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి వరసలో నిలబడతారు. పనికి పోవాల్సినవాళ్ళు కూడా గంట ఆలస్యమైనా ఫరవాలేదని ఆగుతారు. కడుపుతో ఉన్న కోడల్ని నెలనెలా పీహెచ్‌సీకి నడిపించే అత్తలు, పోలియో చుక్కల ఆదివారం మరచిపోని తల్లులు ఇక్కడివాళ్ళే. ఇంత క్రమం తెలిసిన ఈ ఆడవాళ్ళలో కొందరు రొమ్ము క్యాన్సర్ పరీక్షకు ఒకసారి వచ్చి, రెండోసారి ఎందుకు రారు?

భయం అనీ సిగ్గు అనీ చదువు లేదనీ జవాబు చెప్పేయడం మనకు అలవాటు. అవి లేవని ఎవరూ అనరు. కానీ అవన్నీ మొదటిసారీ ఉన్నాయి కదా! వాటిని దాటుకుని వచ్చి, పరాయి మనిషి ముందు రవిక విప్పి పరీక్ష చేయించుకున్న మనిషి, రెండోసారి ఆగిపోయిందంటే ఈ రెంటి నడుమా ఏదో జరిగింది. నాకు తోచినంతలో, రెండోసారి రానక్కర్లేదని ఆమెకు నేర్పుతున్నది ఆ మొదటి పరీక్షే. ఎలా నేర్పుతుందో చూద్దాం.

ఒకసారి చూపించుకుంటే చాలదా?

చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే గడ్డ పెరిగే తీరు తెలియాలి. అదుపు తప్పిన ఒక కణం రెండవుతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఇలా సుమారు 30 సార్లు రెట్టింపైతే కణాలు వంద కోట్ల లెక్కకు చేరి, ఒక సెంటీమీటరు గడ్డ తయారవుతుంది. అంటే శనగగింజంత. ఈ 30 మెట్లలో మొదటి 20కి పైగా మెట్ల దాకా మనిషికి ఏమీ తెలియదు. చేతికి తగలదు, యంత్రానికీ దొరకదు. రెట్టింపయ్యే వేగం కూడా అందరిలో ఒకటి కాదు. కొందరిలో కొన్ని వారాలు పడుతుంది, కొందరిలో ఏడాది దాటుతుంది. ఎక్కువమందిలో కొన్ని నెలలు.

ఆ తర్వాతే అసలు తొందర. ఒక సెంటీమీటరు గడ్డ రెండు సెంటీమీటర్లు కావడానికి మూడంటే మూడు రెట్టింపులు చాలు. వెడల్పు రెండింతలైతే లోపలి కణాలు ఎనిమిదింతలవుతాయి మరి. నాలుగు నెలలకోసారి రెట్టింపయ్యే గడ్డకు అది ఒక్క ఏడాది పని.

అందువల్ల పరీక్ష చేసిన నర్సమ్మ "ఏమీ లేదమ్మా" అన్నప్పుడు దాని పూర్తి అర్థం: ఈ రోజు, ఈ చేతికి అందేంత పెద్దది ఏదీ లేదు. వినేవాళ్ళకు చేరే అర్థం మాత్రం: నీకు ఆ జబ్బు లేదు, ఇక రాదు. మొదటి దానికి గడువు ఉంది, రెండోదానికి లేదు. ఆ గడువు సంగతి చెప్పకుండా పంపేస్తే, ఆమె దృష్టిలో పని పూర్తయినట్టే.

కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ మధ్య స్త్రీలకు ఐదేళ్ళకోసారి శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలి. బ్రిటన్‌లో 50 దాటిన స్త్రీలను మూడేళ్ళకోసారి మామోగ్రామ్‌కు పిలుస్తారు. మన గడువు అసలే పెద్దది. ఒక్క వంతు తప్పితే పదేళ్ళ ఖాళీ.

> చేతి పరీక్షలో ఏం చేస్తారు?
> ముందు కూర్చోబెట్టి చూస్తారు. రెండు రొమ్ముల ఆకారంలో కొత్తగా తేడా వచ్చిందా, చర్మం ఎక్కడైనా చొట్టపడిందా, నారింజ తొక్కలా గరుకుగా మారిందా, చనుమొన లోపలికి లాక్కుపోయిందా అన్నది కంటితోనే తెలుస్తుంది. తర్వాత పడుకోబెట్టి, మూడు మధ్య వేళ్ళ మెత్తటి భాగంతో చిన్న చిన్న వలయాలుగా తడుముతారు. మొదట తేలిగ్గా, ఆపైన కొంచెం గట్టిగా, చివరికి పక్కటెముకలు తగిలేదాకా నొక్కుతారు. చంకలు, మెడఎముక పైభాగం కూడా చూస్తారు. సూది లేదు, రక్తం తీయరు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. నెలసరి అయిన వారం తర్వాత రొమ్ము మెత్తగా ఉంటుంది కాబట్టి అప్పుడు చేయించుకుంటే మేలు. ఆడ సిబ్బంది చేతే చేయించుకుంటానని అడగవచ్చు.

చేతికి ఏమీ రాని వైద్యం

బీపీ మాత్రల వరసకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. అక్కడికి వెళ్ళిన మనిషి చేతిలో మాత్రల పొట్లంతో తిరిగొస్తుంది. వేసుకోకపోతే తల తిరుగుతుందన్న అనుభవమూ కొందరికి ఉంటుంది. రొమ్ము పరీక్షకు వెళ్ళిన నూరుమందిలో దాదాపు అందరూ ఖాళీ చేతులతోనే తిరిగొస్తారు. పరీక్ష సవ్యంగా జరిగిందనడానికి గుర్తే "ఏమీ లేదు" అనే మాట. కూలి పోగొట్టుకుని వెళ్ళి, ఏమీ లేదనిపించుకుని వచ్చిన మనిషికి అది లాభంలా కనిపించదు.

దీనికి తోడు నొప్పి లెక్క తలకిందులుగా ఉంటుంది. "నాకేటి నొప్పి నేదు కదా, మళ్ళీ ఎందుకు?" అన్నది ఈ ప్రాంతపు ఆరోగ్య సిబ్బందికి కొత్త మాట కాదు. వైద్యం అంటే నొప్పికి మందు అనుకునేవాళ్ళ మాటలో తర్కం ఉంది. తంటా ఏమిటంటే, రొమ్ము క్యాన్సర్ తొలిదశలో సాధారణంగా నొప్పి పెట్టదు. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం చాలాసార్లు హార్మోన్ల ఆట, దానివల్ల హాని లేదు. నొప్పి పెట్టేది మనల్ని ఆసుపత్రికి పరిగెత్తిస్తుంది, పెట్టనిది ఇంట్లో కూర్చోబెడుతుంది. నిజానికి భయపడాల్సింది కదలకుండా, గట్టిగా, నొప్పి లేకుండా ఉన్న గడ్డకు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఇంకో చిక్కు. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం వెతుకుతూ ఏళ్ళ తరబడి ఎన్నో బృందాలు వచ్చాయి. రక్తం, నీళ్ళు, మట్టి పట్టుకెళ్ళాయి. కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యేనాటికి ఒక తరం గడిచిపోయింది. పరీక్ష అంటే మన దగ్గర నుంచి పట్టుకుపోయేదే తప్ప మనకు తెచ్చి ఇచ్చేది కాదన్న అనుభవం అక్కడ పాతుకుపోయి ఉంటే వింతేముంది? క్యాన్సర్ పరీక్షకు వచ్చే బృందం ఆ పాత బాకీని కూడా మోయాలి.

రాని తుపాను

ఇప్పటిదాకా చెప్పింది "ఏమీ లేదు" అనిపించుకుని ఆగిపోయినవాళ్ళ సంగతి. రెండో రకం స్త్రీలు వేరు. వీళ్ళకు మొదటి పరీక్షలో "ఏదో అనుమానంగా ఉంది" అన్నారు. తర్వాత పెద్దాసుపత్రిలో స్కానింగ్, సూది పరీక్ష అయ్యాక "భయం లేదు, మామూలు గడ్డే" అన్నారు. ఊరట పొందిన వీళ్ళే ముందుగా రెండోసారికి రావాలి కదా అనిపిస్తుంది. జరిగేది కొంత వేరు.

తీరప్రాంతం వాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. వాయుగుండం వస్తోందని మైకులో చాటి, తుపాను షెల్టర్‌కు తరలిస్తారు. మేకలను వదిలేసి, పిల్లలతో రెండు రాత్రులు అక్కడ గడిపాక, గాలి గోపాల్‌పూర్ వైపు మళ్ళిపోతుంది. మరుసటి ఏడు మైకు వినిపిస్తే "మొన్నా ఇలాగే అన్నారు, ఏం వచ్చింది?" అని కొందరు కదలరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మళ్ళిపోలేదు. పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని, జీడితోటల్ని పడగొట్టింది. అంతకుముందు వచ్చిన హెచ్చరికల్లో తప్పేమీ లేదు, హెచ్చరిక అనేదే అలా ఉంటుంది. ప్రమాదాన్ని వదిలేయకూడదంటే కొన్నిసార్లు ఊరికే భయపెట్టక తప్పదు.

రొమ్ము పరీక్షా అంతే. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. నీటి తిత్తులు ఉంటాయి, పడుచువాళ్ళలో జారుడుగా కదిలే మామూలు కండగడ్డలు ఉంటాయి. వేలితో తడిమి ఏది క్యాన్సరో ఏది కాదో తేల్చలేరు కాబట్టి పై పరీక్షకు పంపుతారు.

ఈ ఉత్తుత్తి భయం తర్వాత ఏం జరుగుతుందో అమెరికాలో పది లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులతో చూశారు. 2024లో వచ్చిన ఆ అధ్యయనంలో, మామోగ్రామ్ మొదటిసారే మామూలుగా వచ్చినవాళ్ళలో 77 శాతం మంది మళ్ళీ వంతుకు వచ్చారు. అనుమానంతో ముక్క తీసి పరీక్షించాలని చెప్పించుకుని, చివరికి ఏమీ లేదని తేలినవాళ్ళలో అది 67 శాతం. "ఇప్పుడే చెప్పలేం, ఆరు నెలల్లో మళ్ళీ రండి" అనిపించుకున్నవాళ్ళలో 61 శాతమే. సూది పోటు కంటే ఎటూ తేలని ఆరు నెలలే ఎక్కువమందిని దూరం చేశాయన్న మాట. బీమా, కారు, దగ్గర్లో ఆసుపత్రి ఉన్న దేశంలోనే ఇలా ఉంది.

సూది పరీక్ష దగ్గర మన ఊళ్ళలో ఇంకో నమ్మకం అడ్డొస్తుంది. సూది పెడితే జబ్బు పాకుతుందంటారు. పాకదు. చిన్న మత్తు ఇచ్చి చేసే ఆ పరీక్ష లేకుండా ఏ గడ్డ ఏదో తేల్చడం, సరైన మందు ఎంచడం కుదరదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు సూది పరీక్ష అయిన కొద్ది నెలలకే జబ్బు ముదరడం చూసి, తప్పు సూది మీదకు నెట్టారు.

ఇచ్ఛాపురం నుంచి అగనంపూడి దాకా

మూడో రకం అసలు బాధితులు. అనుమానం ఉందని చెప్పించుకుని, పై పరీక్షకు చేరనివాళ్ళు. వీళ్ళు "తిరిగి రానివాళ్ళు" అనే లెక్కలో కలిసిపోతారు కానీ వీళ్ళ కథ వేరు.

గ్రామ క్లినిక్‌లో మామోగ్రామ్ ఉండదు. శ్రీకాకుళంలో రిమ్స్, రాగోలులో జెమ్స్, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. క్యాన్సర్ కోసమే ఉన్న ప్రభుత్వరంగ ఆసుపత్రి మాత్రం టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి. అది విశాఖ దాటి అగనంపూడిలో ఉంది. ఇచ్ఛాపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైమాటే. రైల్లో విశాఖ దాకా వచ్చినా, అక్కడి నుంచి మళ్ళీ బస్సో ఆటోనో. ఒక్కర్తే వెళ్ళదు, తోడు కావాలి. మగాడు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో భవనం పనిలో ఉంటాడు, లేకపోతే గుజరాత్ వేరావల్‌లో వేటకు పోయి ఉంటాడు. కొడుకు సెలవు పెట్టుకుని వచ్చేదాకా ఆగుదామంటారు. ఆ ఆగడంలో పంట కోతలు వస్తాయి.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన ఆ పథకం క్యాన్సర్ వైద్యం ఖర్చును చాలా కుటుంబాల నెత్తి మీద నుంచి దించింది. ఇది చిన్న విషయం కాదు. అయితే పోయిన కూలికీ, తోడు వచ్చిన మనిషి తిండికీ, ఇంటి దగ్గర గొడ్డును ఎవరు చూస్తారన్న ప్రశ్నకూ ఏ కార్డూ పూర్తి జవాబు కాదు. జబ్బు ఉందని తేలినవాళ్ళు ఎలాగోలా వెళ్తారు. "ఉందో లేదో చూసుకోవడానికి" అంత దూరం వెళ్ళమంటే ఇల్లు ఒప్పుకోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన లక్ష్యాల్లో ఒకటి, గడ్డతో వచ్చిన స్త్రీకి 60 రోజుల్లోగా అది ఏమిటో తేల్చి చెప్పాలన్నది. గడువు రోగి మీద కాదు, వ్యవస్థ మీద పెట్టారు. మన దగ్గర "వెళ్ళమని చెప్పాం, ఆమే వెళ్ళలేదు" అనే మాట ఇంకా చెల్లుతోంది.

కనిపించేవి చావులే

"క్యాన్సర్ అంటే చావేగా, ముందు తెలిసి ఏం లాభం?" ఈ ప్రశ్నను మూఢత్వంగా కొట్టిపారేయకండి. ఊళ్ళో కళ్ళకు కనిపించే సాక్ష్యం అదే. ముదిరాక వెళ్ళి, జుట్టు ఊడి, చివరికి పోయినవాళ్ళు అందరికీ తెలుసు. తొలిదశలో ఆపరేషన్ చేయించుకుని పన్నెండేళ్ళుగా పొలం పనికి వెళ్తున్న పక్కవీధి ఆమె సంగతి ఎవరికీ తెలియదు. ఆమె చెప్పదు. కూతురి పెళ్ళి సంబంధం ఆగిపోతుందని దాస్తుంది. ఆశా కార్యకర్త కూడా ఆ ఊరి మనిషే, ఏదో ఒక వరస అవుతుంది. ఆమె చేతిలో నా కాగితం ఉంటే ఊరికి తెలియదా అన్న బెంగ కూడా ఆ పెళ్ళి భయం నుంచే వస్తుంది. నిజానికి నూటికి 5 నుంచి 10 రొమ్ము క్యాన్సర్లే తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో వచ్చిన జన్యులోపం వల్ల వస్తాయి. మిగతావాటికి సంబంధం చెడగొట్టుకునే కారణమే లేదు.

బాగుపడినవాళ్ళు దాక్కుంటే, మిగిలే లెక్క మొత్తం చావులదే అవుతుంది. అసలు లెక్క ఇది. మన దేశపు క్యాన్సర్ రిజిస్ట్రీల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనం ప్రకారం, జబ్బు రొమ్ముకే పరిమితమై ఉండగా పట్టుకున్నవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు 81 శాతం. చంక దాకా పాకినవాళ్ళలో 65 శాతానికి కాస్త పైన. ఊపిరితిత్తులు, ఎముకల వంటి దూరపు చోట్లకు చేరాక 18 శాతం. ఒకే జబ్బు, తేడా అంతా కాలానిదే.

యాభై దాటినవాళ్ళ సంగతి

"పిల్లలకి పాలు మాన్పించి ముప్పయ్యేళ్ళైపోయింది, నాకిప్పుడు ఇదేటి?" అనే పెద్దమ్మలు చాలామంది. ముట్లుడిగాక రొమ్ము జోలికి ఏ జబ్బూ రాదన్న ధీమా అది. వైద్యం చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. వయసుతో పాటే ముప్పు పెరుగుతుంది.

ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి 20 ఏళ్ళు నడిపిన అధ్యయనం దీనికి మంచి సాక్ష్యం. 35 నుంచి 64 ఏళ్ళ మధ్య లక్షన్నర మంది మురికివాడల స్త్రీలను తీసుకున్నారు. సగంమందికి పదో తరగతి చదివి శిక్షణ పొందిన ఆడ కార్యకర్తలు రెండేళ్ళకోసారి, మొత్తం నాలుగుసార్లు, చేత్తోనే పరీక్ష చేశారు. యంత్రాలు లేవు. 2021లో బయటపెట్టిన ఫలితాల ప్రకారం 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు 30 శాతం దాకా తగ్గాయి. అన్ని వయసులూ కలిపితే తగ్గుదల 15 శాతమే, అది కూడా కచ్చితంగా చెప్పగలిగినంత బలమైనది కాదు. అంటే ఈ పరీక్షతో అందరికంటే ఎక్కువ మేలు పొందగలిగేది, తమకు దాంతో పనిలేదనుకునే పెద్దమ్మలే. ఇక్కడ గమనించాల్సింది నాలుగుసార్లు అన్న మాట. ఒక్కసారి తడిమి వదిలేసిన పరీక్ష ఇచ్చిన ఫలితం కాదు ఇది.

మామోగ్రామ్ మాటేమిటని పట్నం పాఠకులు అడుగుతారు. మంచి పరీక్షే. పలకల మధ్య రొమ్మును కొన్ని సెకన్లు గట్టిగా నొక్కాలి. కణజాలం పరుచుకుంటేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది, కిరణాల మోతాదూ తగ్గుతుంది. ఆ నొప్పి వల్లే మళ్ళీ రాలేదని చెప్పినవాళ్ళు విదేశాల అధ్యయనాల్లోనూ ఉన్నారు. చిన్న వయసు రొమ్ము దట్టంగా ఉండి బొమ్మలో తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది కాబట్టి 40 లోపు దాని ఉపయోగం తక్కువ. ఎన్నటికీ హాని చేయని గడ్డలను కూడా పట్టుకుని అనవసర వైద్యం చేయించే గుణమూ దానికి ఉంది. 2012లో బ్రిటన్‌లో వేసిన నిపుణుల సంఘం ఈ సంగతి దాచకుండా చెప్పింది. చెప్పాకే స్త్రీలను పిలవమంది. నిజం చెప్పి పిలవడమే నాకు నచ్చే పద్ధతి.

మళ్ళీ రప్పించేది ఏమిటి?

ప్రచారం ఒక్కటీ చాలదు. బ్రిటన్‌లో మామోగ్రామ్‌కు ఒకసారి రానివాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి "ఫోన్ చేసి మీకు వీలైన తేదీ తీసుకోండి" అని రాశారు. ఇంకొందరికి "ఫలానా రోజు, ఫలానా సమయం" అని తేదీ వేసి పంపారు. మొదటివాళ్ళలో 12 శాతం, రెండోవాళ్ళలో 22 శాతం వచ్చారు. భయమూ సిగ్గూ ఎక్కడికీ పోలేదు. మారింది ఉత్తరంలో ఒక వాక్యం.

మనకు తేదీ వేసే వీలు ఇంకా ఎక్కువ. ఆశా కార్యకర్త గడపలోకే వస్తుంది. డ్వాక్రా సంఘం నెలకోసారి కూర్చుంటుంది. బీపీ మాత్రల రోజు ఎలాగూ ఉంది. గ్రామాల్లో ఇది నడుస్తుందనడానికి రుజువూ ఉంది. ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012 నుంచి 2016 దాకా రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో శిక్షణ ఇచ్చిన సిబ్బందితో దాదాపు 2 లక్షల మందికి చేతి పరీక్ష చేయించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇంటింటి క్యాన్సర్ పరీక్షల సర్వేతో మొదటిసారి చూపించుకునేవాళ్ళ సంఖ్య పెరగడం ఖాయం. ప్రకటనల్లో వినిపించేదీ ఆ సంఖ్యే.

నేను అడిగేది రెండో సంఖ్య. అనుమానం ఉందన్నవాళ్ళలో ఎంతమందికి 60 రోజుల్లో తేలింది? ఏమీ లేదన్నవాళ్ళలో ఎంతమంది చేతికి తర్వాతి వంతు ఏ ఏడాదో రాసిన కాగితం ఇచ్చారు? ఈ రెండు లెక్కలు పీహెచ్‌సీ గోడ మీద రాస్తే, రానివాళ్ళను తప్పుపట్టే ముందు మనకు కొంత సిగ్గు కలుగుతుంది.

ఇంట్లో 30 దాటిన స్త్రీ ఉంటే, ఆమెకు పరీక్ష ఎప్పుడు జరిగిందో అడిగి, తర్వాతి ఏడాది ఏదో ఆరోగ్యశ్రీ కార్డు వెనక రాసి పెట్టండి. ఆ గడువు మాత్రం ఏ లక్షణమూ లేనివాళ్ళకే. కొత్తగా గడ్డ, చర్మం మీద చొట్ట, లోపలికి లాక్కుపోయిన చనుమొన, దాని నుంచి రక్తం, చంకలో బిళ్ళ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వంతు కోసం ఆగవద్దు. నొప్పి లేకపోయినా సరే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.